డేటాబేస్ పని ఫెయిలైతే షెల్ స్క్రిప్ట్‌కి ఎలా తెలియాలి?

ప్రశ్న: రాత్రి బ్యాచ్‌లో ఒక షెల్ స్క్రిప్ట్ ఒరాకిల్ కమాండ్ లైన్ టూల్ ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ని పిలిచి, స్టేజింగ్ టేబుల్ (డేటాని ముందుగా దింపే తాత్కాలిక టేబుల్) నుంచి మెయిన్ టేబుల్‌కి డేటా ఎక్కిస్తుంది. మధ్యలో ఎర్రర్ వచ్చినా $? లో (ముందు కమాండ్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌లో) 0, అంటే సక్సెస్ కనిపిస్తోంది, స్క్రిప్ట్ తరువాతి స్టెప్‌కి వెళ్ళిపోతోంది. ఎర్రర్ నంబర్‌నే ఎగ్జిట్ కోడ్‌గా పంపే "ఎగ్జిట్ ఎస్‌క్యూఎల్.ఎస్‌క్యూఎల్‌కోడ్" పెట్టి చూశాను. కొన్నిసార్లు ఎర్రర్ పట్టుకుంటోంది, కొన్నిసార్లు లేదు. లాగ్‌లో గ్రెప్ చేసుకోవడం (ఎర్రర్ మాటల కోసం వెతుక్కోవడం) తప్ప వేరే మార్గం లేదా?

జవాబు:

మార్గం ఉంది, గ్రెప్ మీద ఆధారపడక్కర్లేదు. అయితే ఒక్క లైన్ చేర్చి వదిలేసే పని కాదిది. మీ స్క్రిప్ట్‌కి ఇప్పుడు అందుతున్న సున్నా చెప్పేది ఇంతే: ఎస్‌క్యూఎల్‌ప్లస్ మొదలైంది, మీరిచ్చిన లైన్లన్నీ చదివింది, ముగిసింది. డేటా ఎక్కిందా లేదా అన్నది ఆ సున్నాలో లేదు. మనిషి ఎదురుగా కూర్చుని టైప్ చేస్తాడన్న ఊహతో తయారైన టూల్ అది. ఇన్సర్ట్ ఫెయిలైతే మెసేజ్ చూపిస్తుంది, ఏం చేయాలో ఆ మనిషి తేల్చుకుంటాడని దాని లెక్క. రాత్రి రెండింటికి అక్కడ మనిషి ఉండడు. అందుకని సున్నా ఊరికే వచ్చేదిగా ఉండకూడదు. పని పూర్తయి, లెక్క సరిపోయి, కమిట్ అయ్యాకే (మార్పులు శాశ్వతమయ్యాకే) సున్నా రావాలి. ఇంకే దారిలో బయటికొచ్చినా సున్నా కానిదే రావాలి. కింద రాసేదంతా ఈ ఒక్క షరతును నిలబెట్టడానికే. (కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే వాడండి.)

ముందు మీ ఎస్‌క్యూఎల్‌ప్లస్ సంగతే చూద్దాం. ఎర్రర్ వస్తే ఏం చేయాలన్నదానికి దాని డిఫాల్ట్ "కంటిన్యూ". పైగా ఎగ్జిట్ అంటే డిఫాల్ట్‌గా కమిట్ కూడా. అంటే మీ ఫైల్లో ఐదు స్టేట్‌మెంట్లుండి మూడోది ఫెయిలైతే, మిగతా నాలుగూ నడుస్తాయి, చివర్లో కమిట్ అవుతాయి, స్క్రిప్ట్‌కి సున్నా వెళ్తుంది. సగం ఎక్కిన డేటా మీద సక్సెస్ ముద్ర పడిందన్నమాట. దీన్ని ఆపడానికి ఫైల్ మొదట్లోనే ఈ రెండూ ఉండాలి:

వెన్‌ఎవర్ ఎస్‌క్యూఎల్‌ఎర్రర్ ఎగ్జిట్ ఫెయిల్యూర్ రోల్‌బ్యాక్
వెన్‌ఎవర్ ఓఎస్‌ఎర్రర్ ఎగ్జిట్ ఫెయిల్యూర్ రోల్‌బ్యాక్

చివరి "రోల్‌బ్యాక్" (కమిట్ కాని మార్పులను రద్దు చేయమని) అన్న మాట చాలామంది రాయరు. అది లేకపోతే ఎర్రర్‌తో బయటికొస్తూ కూడా అప్పటిదాకా జరిగిన మార్పులను కమిట్ చేసే వస్తుంది. మధ్యలో ట్రంకేట్ (టేబుల్‌ని ఖాళీ చేయడం), క్రియేట్ టేబుల్ లాంటివి ఉంటే వాటిని రోల్‌బ్యాక్ వెనక్కి తేలేదు. అవి నడిచినప్పుడే ఒరాకిల్ కమిట్ చేసేస్తుంది, వాటికి ముందున్న మార్పులతో సహా. అందుకని డీడీఎల్‌ని (ఇలాంటి కమాండ్లను), డేటా ఎక్కించే పనిని ఒకే ఫైల్లో కలపకండి. రెండో లైన్ ఫైళ్ళకు సంబంధించింది. మీరు పిలిచిన సబ్‌స్క్రిప్ట్ ఫైల్ అసలు లేకపోతే మొదటి లైన్ దాన్ని పట్టుకోదు, రెండోది పట్టుకుంటుంది.

ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ని "-ఎల్" ఆప్షన్‌తో పిలవండి. అది లేకపోతే లాగిన్ ఫెయిలైనప్పుడు మళ్ళీ యూజర్ నేమ్ అడుగుతుంది. హియర్‌డాక్‌లో (స్క్రిప్ట్ లోపలే రాసి టూల్‌కి ఇచ్చే లైన్లలో) తరువాత ఉన్న మీ ఎస్‌క్యూఎల్ లైన్లనే యూజర్ నేమ్ అనుకుని, పాస్‌వర్డ్ అనుకుని మింగుతూ పోతుంది. లాగ్ చూస్తే అసలు ఏమైందో అర్థం కాదు. "-ఎల్" ఉంటే ఒక్కసారి ప్రయత్నించి, కుదరకపోతే 1తో బయటికొస్తుంది.

ఇక "కొన్నిసార్లు పట్టుకుంటోంది, కొన్నిసార్లు లేదు" అన్నారు చూడండి, మీ ప్రశ్నలో అసలు ప్రమాదం అక్కడుంది. యూనిక్స్‌లో పిల్ల ప్రాసెస్ తల్లి ప్రాసెస్‌కి అప్పజెప్పే ఎగ్జిట్ కోడ్‌లో 8 బిట్లే చేరతాయి. అంటే 0 నుంచి 255 వరకే. అంతకన్నా పెద్ద నంబర్ ఇస్తే 256తో భాగించగా మిగిలిన శేషం మాత్రమే షెల్‌కి కనిపిస్తుంది. టేబుల్ లేదని చెప్పే ఓఆర్‌ఏ-00942 వస్తే షెల్‌కి 174 అందుతుంది. సున్నా కాదు కాబట్టి స్క్రిప్ట్ ఆగుతుంది, పద్ధతి బాగానే పనిచేస్తోందని అనిపిస్తుంది. ఇప్పుడు ఓఆర్‌ఏ-01536 తీసుకోండి. టేబుల్‌స్పేస్‌లో (డేటా ఉండే స్థలంలో) ఆ యూజర్‌కి ఇచ్చిన కోటా అయిపోయిందని దానర్థం. 1536 అంటే సరిగ్గా ఆరు 256లు. శేషం సున్నా.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. నేను సపోర్ట్‌లో ఉన్న ఒక ప్రాజెక్టులో మీలాగే స్టేజింగ్ నుంచి మెయిన్ టేబుల్‌కి ఇన్సర్ట్-సెలెక్ట్, ఆ తరువాతి స్టెప్‌లో స్టేజింగ్ ట్రంకేట్ ఉండేవి. నెలాఖరు రోజున డేటా మామూలు కంటే ఎక్కువొచ్చింది, కోటా నిండింది, ఇన్సర్ట్ 1536తో పడిపోయింది. ఎస్‌క్యూఎల్‌ప్లస్ నిజాయితీగా ఎస్‌క్యూఎల్‌కోడ్‌ని అప్పజెప్పింది, షెల్‌కి సున్నాగా అందింది, స్క్రిప్ట్ వెళ్ళి స్టేజింగ్ ఖాళీ చేసింది. పొద్దున రిపోర్టులో అంకెలు పడిపోయి ఉన్నాయి, లాగ్‌లో ఎర్రర్ స్పష్టంగా ఉంది, షెడ్యూలర్‌లో మాత్రం జాబ్ ఆకుపచ్చగా ఉంది. సోర్స్ ఫైళ్ళు ఇంకా చెరిపెయ్యలేదు కాబట్టి మళ్ళీ ఎక్కించగలిగాం. ఎర్రర్ నంబర్‌ని ఎగ్జిట్ కోడ్‌గా పంపే స్క్రిప్ట్ ఎక్కడ కనబడినా అప్పటినుంచి నేను ఊరుకోను.

1792 కూడా ఇంతే, టేబుల్‌లో కాలమ్స్ వెయ్యి దాటితే వచ్చేది. మన ప్రొసీజర్లలో మనమే లేపే ఎర్రర్లకు ఒరాకిల్ 20000 నుంచి 20999 వరకు ఇచ్చింది కదా, ఆ వరసలో 20224, 20480, 20736, 20992 అనే నాలుగూ షెల్‌కి సున్నాగానే చేరతాయి. మీ టీమ్‌లో ఎవరైనా ఆ నంబర్లు వాడుతున్నారేమో ఒకసారి వెతకండి.

అందుకని ఎర్రర్ నంబర్ లాగ్‌లో ఉండాలి. ఎగ్జిట్ కోడ్‌లో ఉండాల్సింది "స్క్రిప్ట్ ఇప్పుడు ఏం చేయాలి" అన్నదానికి జవాబు. నాలుగు కోడ్‌లు చాలు. 0 అంటే పని అయింది, ముందుకెళ్ళు. 1 అంటే ఆగు, మనిషిని పిలువు. 2 అంటే పని అయింది కానీ కొన్ని రికార్డులు పక్కన పడ్డాయి, ఒకసారి చూడాలి. 75 అంటే ఇప్పుడు కుదరలేదు, కాసేపాగి మళ్ళీ నడుపు. ఈ 75 నా సొంత నంబర్ కాదు, బీఎస్‌డీ నుంచి వచ్చిన సిస్‌ఎగ్జిట్స్ హెడర్‌లో "టెంప్‌ఫెయిల్"కి ఉన్నది ఇదే. 126 నుంచి పైవి మాత్రం మీరు వాడకండి. అవి షెల్ వాడుకునేవి, వాటి గురించి కింద చెబుతాను.

వెన్‌ఎవర్ పెట్టేశాం, ఎగ్జిట్ ఫెయిల్యూర్ పెట్టేశాం, ఇక నిశ్చింత అనుకోవడానికి లేదు. డేటాబేస్ నుంచి వచ్చే ఎర్రర్లను మాత్రమే వెన్‌ఎవర్ ఎస్‌క్యూఎల్‌ఎర్రర్ చూస్తుంది. ఎస్‌క్యూఎల్‌ప్లస్ తనంతట తాను లేపే ఎస్‌పీ2 మెసేజ్‌లలో చాలావాటిని చూడదు. ఇందులో అందరూ పడే గుంట ఒకటుంది. ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్ మధ్యలో చూడ్డానికి బాగుంటుందని ఒక ఖాళీ లైన్ వదిలారనుకోండి. ఎస్‌క్యూఎల్‌ప్లస్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ లైన్ అంటే "ఈ స్టేట్‌మెంట్ ఇక్కడితో సరి, నడపొద్దు" అని. పై సగం పక్కన పెట్టేస్తుంది. కింది సగం "వేర్"తో మొదలైతే అదేదో తెలియని కమాండ్ అనుకుని ఎస్‌పీ2-0734 అని మెసేజ్ ఇచ్చి ముందుకు సాగిపోతుంది. మీ అప్‌డేట్ అసలు నడవలేదు, ఎర్రర్ లేవలేదు, ఎగ్జిట్ కోడ్ 0. దీనికి "సెట్ ఎస్‌క్యూఎల్‌బ్లాంక్‌లైన్స్ ఆన్" పెట్టండి. డేటాలో & గుర్తు వస్తే వేరియబుల్ అనుకుని విలువ అడుగుతూ తరువాతి లైన్‌ని మింగేస్తుంది, దానికి "సెట్ డిఫైన్ ఆఫ్". హియర్‌డాక్ వాడుతుంటే ముగింపు గుర్తుని కోట్స్‌లో పెట్టండి. లేకపోతే వి$సెషన్ లాంటి పేర్లలో డాలర్ తరువాతి భాగాన్ని షెల్ తన వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది.

ప్రొసీజర్ కంపైల్ చేసే స్క్రిప్టుల్లో ఇంకొకటి గమనించాలి. "కంపైలేషన్ ఎర్రర్లతో క్రియేట్ అయింది" అన్నది ఎస్‌క్యూఎల్‌ప్లస్ దృష్టిలో వార్నింగ్ మాత్రమే. వెన్‌ఎవర్ కదలదు. డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్ చివర యూజర్ అబ్జెక్ట్స్‌లో ఇన్‌వాలిడ్‌గా ఉన్నవాటిని మీరే లెక్కపెట్టి, ఒక్కటున్నా ఎర్రర్ లేపాలి.

ఇన్ని సందులున్నప్పుడు ఒక్కొక్కటీ మూసుకుంటూ పోతే ఏదో ఒకటి మిగిలిపోతుంది. నేను చేసేది ఇది. ఆర్‌సీ అనే ఒక బైండ్ వేరియబుల్ (ఎస్‌క్యూఎల్‌ప్లస్‌కీ, బ్లాక్‌కీ రెండింటికీ కనిపించేది) పెట్టి, దాని విలువని మొదటే 1 చేస్తాను. పనంతా ఒక పీఎల్/ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ ప్రొసీజర్ల భాష) బ్లాక్‌లో ఉంటుంది. ఇన్సర్ట్, ఆపైన ఎన్ని రోలు చేరాయో చూసి స్టేజింగ్‌లో ఉన్న లెక్కతో పోల్చడం, తేడా ఉంటే ఎర్రర్ లేపడం, సరిపోతే కమిట్, ఆ కమిట్ తరువాతి లైన్‌లో వేరియబుల్‌ని 0 చేయడం. ఫైల్ చివరి లైన్:

ఎగ్జిట్ :ఆర్‌సీ రోల్‌బ్యాక్

ఖాళీ లైన్ వల్లనో, స్పెల్లింగ్ తప్పు వల్లనో ఆ బ్లాక్ అసలు నడవకపోతే ఆర్‌సీ 1గానే ఉంటుంది, స్క్రిప్ట్ ఆగుతుంది. చివర రోల్‌బ్యాక్ ఎందుకంటే, కమిట్ కావలసింది లోపలే అయిపోయింది, కాకుండా మిగిలింది ఏదైనా ఉంటే పోవాల్సిందే. ఇంత చేసినా ఒక్క సందు మిగులుతుంది. బ్లాక్ ముగింపులో, దాన్ని నడపమని చెప్పే స్లాష్ మర్చిపోతే ఎగ్జిట్ లైన్ కూడా ఆ బ్లాక్‌లో భాగమనుకుంటుంది, ఇన్‌పుట్ అయిపోగానే సున్నాతో బయటికొస్తుంది. దాన్ని పట్టుకునే పద్ధతి జాబ్ టేబుల్, కింద వస్తుంది.

ప్రొసీజర్ లోపల "వెన్ అదర్స్ దెన్" (ఏ ఎర్రర్ వచ్చినా పట్టుకునే భాగం) అని పెట్టి, మెసేజ్‌ని డీబీఎంఎస్_అవుట్‌పుట్‌తో ప్రింట్ చేసి ఊరుకునే కోడ్ మన దగ్గర విపరీతంగా కనిపిస్తుంది. ఎర్రర్‌ని అక్కడే పూడ్చేస్తే బయట ఎవరూ తవ్వి తీయలేరు. లాగ్ టేబుల్‌లో రాసుకోండి, కానీ చివర ఎర్రర్‌ని మళ్ళీ బయటికి పంపే "రెయిజ్" ఉండి తీరాలి. ఒరాకిల్ 11జీ నుంచి కంపైలర్ వార్నింగులు ఆన్ చేస్తే రెయిజ్ లేని వెన్ అదర్స్‌ని పీఎల్‌డబ్ల్యూ-06009 అని చూపిస్తుంది. ఒకసారి పాత కోడ్ మొత్తం మీద నడిపి చూడండి. ఈ ఒక్క దిద్దుబాటుతో బయటపడేవి చాలా ఉంటాయి.

గ్రెప్ ఎందుకొద్దన్నానో కూడా చెప్పాలి. మీరు ఓఆర్‌ఏ అని వెతికితే ఎస్‌పీ2, పీఎల్‌ఎస్, టీఎన్‌ఎస్ అని మొదలయ్యేవి తప్పించుకుంటాయి. డేటాలోనే ఎవరో ఓఆర్‌ఏ అని రాసి ఉంటే మంచి జాబ్ ఫెయిల్ అవుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు, "ఏమీ దొరకలేదు కాబట్టి సక్సెస్" అనే తర్కం. డిస్క్ నిండి లాగ్ ఖాళీగా ఉన్నా ఏమీ దొరకదు, ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోయినా ఏమీ దొరకదు. ఎస్‌క్యూఎల్‌ప్లస్ ఎర్రర్లను కూడా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కే రాస్తుంది కాబట్టి, ఎర్రర్ ఫైల్‌ని విడిగా పట్టి అది ఖాళీగా ఉందని సంతోషించడానికీ లేదు. మనిషి చదువుకోవడానికి లాగ్ ఉండాలి, నిర్ణయం మాత్రం ఎగ్జిట్ కోడ్ మీదే జరగాలి.

మీరు ఒరాకిల్ అన్నారు గానీ, ఒకే బ్యాచ్‌లో రెండు మూడు డేటాబేస్‌లు ఉండడం మామూలే కాబట్టి మిగతావాటి తీరు కూడా తెలిసి ఉండాలి. పోస్ట్‌గ్రెస్ వాళ్ళ పీఎస్‌క్యూఎల్ ఈ విషయంలో పద్ధతిగా ఉంటుంది, కానీ అడిగితేనే. ఫైల్‌ని "-ఎఫ్"తో ఇచ్చినా, హియర్‌డాక్‌తో ఇచ్చినా డిఫాల్ట్‌గా ఎర్రర్ల మీదుగా నడుచుకుంటూ పోయి సున్నా ఇస్తుంది. "-వి ఆన్_ఎర్రర్_స్టాప్=1" ఇస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగి 3 ఇస్తుంది. 2 వస్తే సర్వర్‌తో కనెక్షన్ చెడింది. 1 వస్తే ఫైల్ దొరక్కపోవడం లాంటి దాని సొంత ఇబ్బంది. "-సి"తో ఒక్క కమాండ్ ఇచ్చినప్పుడు అది ఫెయిలైనా 1 వస్తుంది. ఈ తేడా వల్ల నేను నేరుగా 2ని చూసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలని, 3ని చూసి మనిషిని లేపాలని రాసుకుంటాను. "-1" అంటే ఒకే ట్రాన్సాక్షన్‌గా నడపడం, "-ఎక్స్" అంటే ఎవరి హోమ్ డైరెక్టరీలోనో ఉన్న పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైల్‌ని చదవకపోవడం. బ్యాచ్‌లో రెండూ పెట్టండి. అయితే ఆన్_ఎర్రర్_స్టాప్ లేకుండా "-1" ఒక్కటే పెట్టడం మరీ మోసం. ఒక ఎర్రర్‌తో ట్రాన్సాక్షన్ మొత్తం రద్దవుతుంది, ఒక్క రో కూడా చేరదు, అయినా సున్నా వస్తుంది. లెక్కలు సరిపోలేదని మీరే ఫెయిల్ చేయాలంటే పీఎస్‌క్యూఎల్‌లో ఉన్న క్విట్ కమాండ్‌కి నంబర్ ఇచ్చే వీలు లేదు. డూ బ్లాక్‌లో "రెయిజ్ ఎక్సెప్షన్" చేయండి, 3 అదే వస్తుంది.

మైఎస్‌క్యూఎల్ క్లయింట్ బ్యాచ్‌గా నడిపితే మొదటి ఎర్రర్ దగ్గర ఆగి 1 ఇస్తుంది. ఎవరో "ఫోర్స్" ఆప్షన్ పెట్టి ఉంటే ఆగదు, అది ముందు తీసేయండి. అక్కడ భయపడాల్సింది ఎర్రర్ల కంటే వార్నింగుల గురించి. "లోడ్ డేటా లోకల్" వాడితే డూప్లికేట్ కీ ఉన్న రోలు, కాలమ్‌లో పట్టని విలువలు ఎర్రర్ కాకుండా వార్నింగ్ అవుతాయి. ఫైల్ క్లయింట్ నుంచి వస్తున్నప్పుడు సర్వర్ దాన్ని మధ్యలో ఆపలేదు కాబట్టి ఇలా. ఎగ్జిట్ కోడ్ 0, టేబుల్‌లో రోలు తక్కువ. లోడ్ అయ్యాక ఫైల్లో ఉన్న లైన్ల లెక్కతో పోల్చడం ఒక్కటే దారి.

ఫైల్ నుంచి టేబుల్‌కి డేటా ఎక్కించే ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ లోడర్ యూనిక్స్ మీద 0, 1, 2, 3 ఇస్తుంది. 2 అంటే వార్నింగ్, అంటే కొన్ని రికార్డులు ఎక్కక బ్యాడ్ ఫైల్‌కి పోయాయన్నమాట. "సున్నా కాకపోతే ఫెయిల్" అని రాసినవాళ్ళు ఒక్క చెడ్డ రికార్డుకే మొత్తం బ్యాచ్ ఆపుకుంటారు. "2 వస్తే పర్లేదు" అని రాసినవాళ్ళు ఫైల్ మొత్తం రిజెక్ట్ అయినా పట్టించుకోరు, ఎందుకంటే అన్నీ రిజెక్ట్ అయినా కోడ్ అదే 2. ఎన్ని వరకు పర్లేదో వ్యాపారం తెలిసినవాళ్ళని అడిగి "ఎర్రర్స్" పారామీటర్‌లో పెట్టండి. మీరేమీ చెప్పకపోతే అది 50. డీబీ2 కమాండ్ లైన్‌లో 4, 8 మాత్రమే నిజమైన ఎర్రర్లు. సెలెక్ట్‌కి ఒక్క రో కూడా దొరక్కపోతే 1, వార్నింగ్ అయితే 2. కాబట్టి అక్కడ "సెట్ -ఈ" (సున్నా కానిది రాగానే ఆగమని) పెట్టిన స్క్రిప్ట్ ఖాళీ ఫలితానికే చచ్చిపోతుంది, 4 కంటే తక్కువా కాదా అని చూడాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్‌సీఎమ్‌డీకి "-బి" ఇవ్వకపోతే అది ఎర్రర్‌కి కూడా సున్నాయే ఇస్తుంది.

ఇప్పుడు షెల్ వైపు. డేటాబేస్ ప్రోగ్రామ్ నిజమే చెప్పినా, ఆ మాట దారిలో పోగొట్టుకునే స్క్రిప్టులు తక్కువేం కాదు. $? అన్నది ఆ క్షణానికి ముందు నడిచిన ఒక్క కమాండ్‌ది. మధ్యలో ఒక ఎకో వేస్తే ఎకో సక్సెస్ అయినట్టు సున్నా వస్తుంది. ఎక్కువమంది పడేది పైప్ దగ్గర. అవుట్‌పుట్‌ని తెర మీదా లాగ్‌లోనూ చూడాలని ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ని "టీ"కి కలుపుతారు. అప్పుడు $? లో ఉండేది టీ కమాండ్‌ది, అది దాదాపు ఎప్పుడూ ఫెయిల్ కాదు. బ్యాష్‌లో "సెట్ -ఓ పైప్‌ఫెయిల్" పెట్టండి, లేదా పైప్‌స్టేటస్ అనే అర్రేలో మొదటిది చూడండి. క్రాన్ (యూనిక్స్ షెడ్యూలర్) నుంచి నడిపేటప్పుడు స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బ్యాష్ అని స్పష్టంగా రాయండి. డెబియన్, ఉబుంటులో మామూలు ఎస్‌హెచ్ అంటే డ్యాష్, దాని పాత వెర్షన్లకు పైప్‌ఫెయిల్ తెలియదు.

రివ్యూల్లో నాకు తరచూ కనబడేది ఇంకోటుంది. "ఇఫ్ ! కమాండ్" అని రాసి, లోపల $? ని లాగ్ చేస్తారు. ఆశ్చర్యార్థకం ఫలితాన్ని తిప్పేసింది కాబట్టి లోపల $? ఎప్పుడూ 0. "ఎర్రర్ కోడ్ 0తో ఫెయిల్ అయింది" అని లాగ్‌లో చూసి అందరూ తలలు పట్టుకుంటారు. నేను వాడేది ఇంతే:

ఆర్‌సీ=0
లోడ్_జాబ్ || ఆర్‌సీ=$?

దాని కింద కేస్ పెట్టి 0, 2, 75, మిగతావన్నీ అని విడదీస్తాను. సెట్ -ఈ ఉన్నా ఇది ఆగదు, కోడ్ పోదు. ఫంక్షన్ లోపల "లోకల్" అని ప్రకటిస్తూ అదే లైన్‌లో కమాండ్ ఫలితాన్ని నింపితే $? లో లోకల్ కమాండ్ కోడ్ ఉంటుంది, అసలు కమాండ్‌ది పోతుంది. ప్రకటన ఒక లైన్, నింపడం తరువాతి లైన్. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపితే ప్రాసెస్ నంబర్ దాచుకుని "వెయిట్"తోనే కోడ్ తెచ్చుకోవాలి.

127 వస్తే కమాండ్ దొరకలేదు. టెర్మినల్‌లో బాగా నడిచి క్రాన్‌లో 127 వస్తే నూటికి తొంభై పాళ్ళు పాత్, ఒరాకిల్ హోమ్ సెట్ కాలేదన్నమాటే, ఎందుకంటే క్రాన్ మీ ప్రొఫైల్ చదవదు. 126 అంటే ఫైల్ ఉంది గానీ నడపడానికి వీల్లేదు. 128 దాటిందంటే సిగ్నల్‌తో చచ్చిపోయింది. 137 అంటే 128కి 9 కలిపింది, కిల్ -9. మనిషెవరూ చంపలేదంటే మెమరీ చాలక కెర్నలే చంపి ఉండవచ్చు, సిస్టమ్ లాగ్ చూడండి. 143 మర్యాదగా ఆపమన్నప్పుడు వచ్చేది. "టైమౌట్" కమాండ్ వాడితే సమయం మించినప్పుడు 124. ఇవన్నీ సున్నా కాకపోవడం మన అదృష్టం, "మిగతావన్నీ"లోకి వచ్చి పడతాయి.

ఎస్‌క్యూఎల్ ఫైల్ బదులు సొంత ప్రోగ్రామ్ రాసుకున్నా ఇదే కథ. పైథాన్‌లో పట్టుకోని ఎక్సెప్షన్‌కి 1 దానంతటదే వస్తుంది. దాన్ని ట్రై-ఎక్సెప్ట్‌లో పట్టి ప్రింట్ చేసి వదిలితే సున్నా. పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ సైకోపీజీ2తో కమిట్ పిలవడం మర్చిపోతే కనెక్షన్ మూసుకోగానే మార్పులన్నీ రోల్‌బ్యాక్ అవుతాయి, ప్రోగ్రామ్ మాత్రం చక్కగా 0తో ముగుస్తుంది. జావాలో మెయిన్ థ్రెడ్‌లో ఎక్సెప్షన్ అయితే 1, వేరే థ్రెడ్‌లో అయితే ఆ థ్రెడ్ చచ్చిపోయినా ప్రోగ్రామ్ 0తో బయటికి రావచ్చు. ఏ భాషైనా ఎస్‌క్యూఎల్‌కోడ్‌ని నేరుగా ఎగ్జిట్‌లో పెడితే ఆ 256 లెక్క మిమ్మల్ని వదలదు.

ఇక్కడిదాకా చెప్పిందంతా చేసినా ఎగ్జిట్ కోడ్ తీర్చలేని చిక్కు ఒకటుంది. ప్రోగ్రామ్ కమిట్ పంపింది. సర్వర్ కమిట్ చేసింది. "అయింది" అన్న జవాబు వెనక్కి వస్తుండగా నెట్‌వర్క్ తెగింది. ప్రోగ్రామ్‌కి ఎర్రర్, స్క్రిప్ట్‌కి సున్నా కానిది. డేటా మాత్రం టేబుల్‌లో ఉంది. ఇప్పుడు స్క్రిప్ట్ "కాసేపాగి మళ్ళీ" అని నడిపితే అదే డేటా రెండుసార్లు ఎక్కుతుంది. జీతాలో, బిల్లులో అయితే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

అందుకే జాబ్ టేబుల్. ఒక చిన్న టేబుల్: జాబ్ పేరు, ఏ తేదీ డేటా, ఎన్ని రోలు, ఎప్పుడు ముగిసింది. జాబ్ పేరు, తేదీ కలిపి ప్రైమరీ కీ. డేటా ఎక్కించే ట్రాన్సాక్షన్‌లోనే, కమిట్‌కి ముందు చివరి ఇన్సర్ట్‌గా ఈ రో రాయాలి. విడిగా ఇంకో కమిట్‌తో రాస్తే ప్రయోజనం లేదు. ఒకే కమిట్‌లో ఉంటే డేటా ఉన్నప్పుడే రో ఉంటుంది, రో ఉన్నప్పుడే డేటా ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలవగానే ముందు ఈ రో ఉందేమో చూస్తుంది. ఉంటే పని ఇంతకుముందే అయిపోయిందని లాగ్‌లో రాసి 0తో బయటికి వస్తుంది. పొరపాటున రెండు కాపీలు ఒకేసారి నడిచినా ప్రైమరీ కీ దగ్గర రెండోది ఆగిపోతుంది. దీని కోసం ఒరాకిల్ 12సీలో ట్రాన్సాక్షన్ గార్డ్, పోస్ట్‌గ్రెస్ 10 నుంచి టీఎక్స్‌ఐడీ_స్టేటస్ ఫంక్షన్ ఉన్నాయి గానీ, బ్యాచ్ పనికి ఈ టేబుల్ చాలు. ఏ డేటాబేస్‌లోనైనా పనిచేస్తుంది, పొద్దున ఎవరైనా వచ్చి సెలెక్ట్ కొట్టి చూసుకోవచ్చు కూడా.

స్టేజింగ్ ట్రంకేట్ లాంటి వెనక్కి రాని స్టెప్‌కి ముందు మాత్రం స్క్రిప్ట్ విడిగా కనెక్టయి ఈ రో ఉందో లేదో చూసుకోవాలి. ఎగ్జిట్ కోడ్ 0, రో కూడా ఉంది, అప్పుడే ట్రంకేట్. ఇందాక చెప్పిన స్లాష్ మర్చిపోయిన కేసు ఇక్కడ దొరికిపోతుంది.

షెడ్యూలర్ క్రాన్ అయితే ఇంకొక్క మాట. క్రాన్ మీ ఎగ్జిట్ కోడ్‌ని పట్టించుకోదు, అవుట్‌పుట్ ఏదైనా ఉంటే మెయిల్ చేస్తుంది, అంతే. అందుకని సున్నా కాకపోతే కబురు పంపే పని మీ స్క్రిప్టే చేయాలి. ఆ కబురులో జాబ్ పేరు, కోడ్, లాగ్ చివరి ఇరవై లైన్లు ఉండేలా చూడండి, నిద్రలోంచి లేచినవాళ్ళకి సర్వర్‌లోకి వెళ్ళకముందే విషయం తెలుస్తుంది.

ప్రొడక్షన్‌కి పంపేముందు జాబ్‌ని కావాలని పాడుచేసి చూడండి. పాస్‌వర్డ్ మార్చి ఒకసారి. టేబుల్ పేరు తప్పు రాసి ఒకసారి. సబ్‌స్క్రిప్ట్ ఫైల్ పేరు మార్చి ఒకసారి. అప్‌డేట్ మధ్యలో ఖాళీ లైన్ పెట్టి ఒకసారి. టెస్ట్ యూజర్ కోటాని తగ్గించి, 1536 నిజంగా తెప్పించి ఒకసారి. లోడ్ నడుస్తుండగా కిల్ -9 ఒకసారి. కమిట్ అయ్యాక, వేరియబుల్ 0 కాకముందు ఒక డమ్మీ ఎర్రర్ లేపి, మళ్ళీ నడిపితే డేటా రెండుసార్లు ఎక్కకుండా ఉందో లేదో ఒకసారి. ప్రతిసారీ $?, టేబుల్‌లో రోల లెక్క, జాబ్ టేబుల్ మూడూ రాసి పెట్టుకోండి. వీటిలో ఏదైనా తేడాగా కనిపిస్తే ఆ లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.